అంటు గులాబీయా, సొంత వేరు గులాబీయా?

కుండీల తోట:
నమస్కారం అండీ. మూడేళ్లుగా పెంచుతున్న నా లేత గులాబీ రంగు హైబ్రిడ్ టీ (పొడవాటి కొమ్మకు ఒక్కో పెద్ద పువ్వు పూసే రకం గులాబీ) ఈసారి ముదురు ఎరుపులో, చిన్న చిన్న గుత్తులుగా పూసింది. పాత కొమ్మలు ఎండిపోయాయి, కొత్తవి తీగల్లా ఏపుగా లేచాయి. మొక్క రంగు మారుతుందా? నేను పెంచిన మొదటి గులాబీ అది, చాలా బాధగా ఉంది. ఇంకోటి కొంటే అంటు మొక్క తీసుకోవాలా, కొమ్మ నాటి వేరు పట్టించినది తీసుకోవాలా?

చిగురు:
రంగు మారలేదండీ, మొక్కే మారింది. అంటు మొక్కలో కింద వేరు ఒక రకానిది, పైన మీరు ఇష్టపడి కొన్న రకం. పైది ఎండిపోయి కిందది బతికింది. వేరు కోసం వాడే రకాల్లో డాక్టర్ హ్యూయీ ఒకటి. దాని పూలు మీరు చెప్పినట్టే ముదురు ఎరుపు, అదీ ఏడాదికి ఒక్క కాపే. వేరుకు వాడే ఇంకో రకం, మల్టీఫ్లోరా అయ్యుంటే తెల్లటి చిన్న పూలు వచ్చేవి.

అందుకే ఇంటి తోటకు సొంత వేరు మొక్కే మేలంటాను. చలికి మాడినా, పొరపాటున నేల దాకా కోసేసినా, మళ్లీ లేచే ప్రతి చిగురూ అదే రకం. కింది వేరు నుంచి లేచే పిలకలకు కాపలా కాయక్కర్లేదు. పైగా గులాబీల్లో మొజాయిక్ వైరస్ ముఖ్యంగా అంటు కట్టేటప్పుడే పాకుతుంది. ఆకుల మీద వంకర టింకర పసుపు గీతలు వచ్చాయంటే ఏ మందు కొట్టినా పోదు. మొదట్లో కాస్త ఓపిక పడితే చాలు.

ముళ్లకంచె:
చిగురు గారూ, ఆ ఓపిక మాట తేలిగ్గా అనేశారు. హైబ్రిడ్ టీ సొంత వేరు మీద గట్టిపడటానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఈలోపు సన్నటి కొమ్మ, చిన్న పువ్వు చూసి కొత్తవాళ్లు గులాబీల జోలికే రాకుండా పోతారు. అలా మానేసినవాళ్లు నాకు తెలుసు.

పసుపు, నారింజ రంగుల సంగతి మరీ కష్టం. 1900లో పెర్నె డ్యూషే అనే ఫ్రెంచి గులాబీల పెంపకందారు తెచ్చిన సోలెయ్ దోర్ అనే రకం నుంచి తోట గులాబీల్లోకి ముదురు పసుపు వచ్చింది. దాని వెనక ఉన్నది ఫోయెటిడా అనే పసుపు గులాబీ జాతి. ఆ వంశంలో చాలా రకాలకు సొంత వేరు బలం తక్కువ, నల్లమచ్చ తెగులు ఎక్కువ. వాటికి వేరొక మొక్క కాళ్లు అరువివ్వక తప్పదు.

నేల మాటేమిటి? సున్నం ఎక్కువున్న నేలలో మల్టీఫ్లోరా వేరుకు ఇనుము అందక ఆకులు పసుపెక్కుతాయి, డాక్టర్ హ్యూయీ తట్టుకుంటుంది. ఇసుక నేలలో వేర్లను పట్టే నులిపురుగులుంటే ఫార్చూనియానా వేరు మొక్కను కాపాడుతుంది. నేలకు తగిన వేరు ఎంచుకునే వీలు అంటులోనే ఉంది. పిలక లేస్తే చూసి తీసేయాలి, అంతే కదా.

మట్టివాసన:
గుత్తులుగా పూసే ఫ్లోరిబండా, చిట్టి మినియేచర్, పొద గులాబీలు సొంత వేరు మీద చక్కగా వస్తాయి. పెద్ద పూల హైబ్రిడ్ టీలకు అంటు. నా లెక్క ఇదే. ఏదైనా రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. నీళ్లు ఉదయాన్నే, ఆకుల మీద కాకుండా మొక్క మొదలు దగ్గర మాత్రమే పోయాలి. ఆకులు గంటల తరబడి తడిగా ఉంటే నల్లమచ్చను పిలిచినట్టే.

చిగురు:
పసుపు రకాల విషయంలో ముళ్లకంచె గారు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ "పిలక తీసేయాలి, అంతే కదా" అన్నదే అసలు చిక్కు. ఒక్కో ఆకు కాడకు ఏడు చిన్నాకులుంటే పిలక, అయిదుంటే మంచి కొమ్మ అని చెప్పుకుంటారు. అది నమ్మి మంచి కొమ్మలు కోసేసుకున్నవాళ్లు ఎందరో. ఆకులు లెక్కపెట్టొద్దు. మట్టి తీసి, కొమ్మ అంటు ముడి (అంటు కట్టిన చోటి బొడిపె) పైనుంచి వచ్చిందా, కిందనుంచా చూడండి. కిందదైతే కత్తెర పెట్టకుండా మొదలంటా లాగి పీకేయాలి. కత్తిరిస్తే అక్కడే మళ్లీ లేస్తుంది.

కుండీల తోట:
ఇప్పుడే మట్టి తీసి చూశాను. ఎర్ర పూల కొమ్మలన్నీ ముడి కిందనుంచే. కానీ ముడి మీద, ఎండిన కొమ్మ పక్కన, పెసర గింజంత పచ్చటి మొగ్గ ఉంది! బతుకుతుందంటారా?

ముళ్లకంచె:
బతకొచ్చు. పిలకలన్నీ ఈరోజే పీకేయండి, లేకపోతే వేరు బలమంతా అవే లాగేస్తాయి. ఎండిన కొమ్మను మొగ్గకు కాస్త పైన కోయండి. ఎరువు ఇప్పుడే వద్దు, చిగురు జానెడు పెరిగాక వేయండి.

చిగురు:
అది పెరిగి ఒకసారి పూశాక, పూసిన కొమ్మనుంచి పెన్సిల్ మందం ముక్క, నాలుగు కణుపులుండేలా కోసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా నాటండి. వేరు పడితే మీ మొదటి గులాబీ ఈసారి తన సొంత కాళ్ల మీద ఉంటుంది. అసలు మొక్కను మాత్రం ముళ్లకంచె గారు చెప్పినట్టే చూసుకోండి.