25 వేలతో ఏడాది సరుకులా, బాబు ఫీజా?

బ్రాడీపేట కోడలు (గుంటూరు):
మా అత్తయ్యగారు ప్రతి మార్చిలో ఏడాదికి సరిపడా సరుకులు ఒకేసారి వేయిస్తారు. ఈసారి చీటీ డబ్బు 25 వేలు చేతికొచ్చింది. పట్నం బజారులో అడిగొచ్చాను. బియ్యం పది బస్తాలు 13,500, కందిపప్పు, మినప్పప్పు కలిపి 65 కిలోలు 7,800, ఎండుమిర్చి 8 కిలోలు 1,440, చింతపండు 8 కిలోలు 1,120. మొత్తం 23,860. నెలనెలా కొంటే బస్తాకి 100, పప్పులకి కిలోకి 10, మిర్చికి 80, చింతపండుకి 30 ఎక్కువ పెట్టాలని ఆవిడ అంచనా. అంటే ఏడాదికి 2,530 మిగులు.

ఇంతలో స్కూలువాళ్లు ఏప్రిల్ నెలాఖరులోపు మొత్తం కడితే 28 వేల ఫీజు 25 వేలకే అన్నారు. లేదంటే జూన్ నుంచి మూడు వాయిదాలు. మా ఆయన "3,000 పెద్దదా, 2,530 పెద్దదా" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అత్తయ్యగారు "ఫీజు రసీదు వండుకు తింటామా" అంటున్నారు. ఒక్క జీతం మాది. బియ్యం, పప్పులు కొనక్కర్లేని నెలల్లో మూడు నాలుగు వేలు మిగులుతుంది, అంతే. ఏం చేయమంటారు?

పాత లెక్చరర్:
అమ్మా, మీ ఇంట్లో ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. మొత్తం సరుకుల్ని ఒక మూట కట్టి ఫీజుతో తూస్తున్నారు. మూట విప్పి చూడండి.

మిర్చి, చింతపండుకి కలిపి 2,560 పెడితే 880 మిగులుతుంది. నూటికి 34. పప్పుల్లో నూటికి 8, బియ్యంలో 7. ఫీజులో నూటికి 12. పప్పులు కొంటే కిలోకి 10 మిగిలినట్టు కనిపిస్తుంది గానీ, ఆ కిలో ఖరీదు 120 ఫీజులో పెడితే 14 వచ్చేది. అంటే పప్పుల మీద మీకు నిజానికి నష్టమే. ఇంటర్ పుస్తకాల్లో అవకాశ వ్యయం అని చెప్పేది దీన్నే. వదులుకున్న వాటిలో మెరుగైనది ఎంత ఇచ్చేదో అదే మీరు కొన్నదానికి అసలు ఖరీదు. బిల్లు మీద అది ఉండదు కాబట్టే అత్తయ్యగారి లెక్కలోకి రాలేదు.

ఇంకోటి. మీ పరిమితి ఏడాది ఆదాయం కాదు, నెల ఆదాయం. ఫీజు వాయిదా ఒక్కోటి 9,333. ఆ నెల ఎక్కడో అప్పు తేవాల్సిందే, దాని వడ్డీ వేరే. ఫీజు ఇప్పుడే కట్టేసి బియ్యం, పప్పులు నెలనెలా కొంటే నెలకి దాదాపు 1,900. మీ మిగులులో అది ఇముడుతుంది. మిర్చి, చింతపండుకి మాత్రం ఈ నెల కొంత, వచ్చే నెల కొంత జీతంలోంచి సర్దుకోండి.

బెజవాడ పిన్ని:
లెక్చరర్ గారూ, మీ లెక్కలో బియ్యానికి అన్యాయం జరిగింది. కొత్త బియ్యం ఇంట్లో ఆరు నెలలు మాగితే అన్నం పొడిపొడిగా వస్తుంది. పాత బియ్యమే కావాలని అడిగితే కొట్లో రేటు వేరు. ఆ తేడా కలిపితే బియ్యం ఫీజుకి దగ్గరగా వస్తుంది. పప్పుల విషయంలో మాత్రం మీ మాటే నాదీ. డబ్బా నిండుగా ఉంటే చెయ్యి ధారాళంగా పడుతుంది, వర్షాకాలంలో పురుగు పడితే చాటతో చెరగడం కోడలి పనే!

పాత లెక్చరర్:
ఒప్పుకుంటున్నాను. అయినా 25 వేలు పూర్తిగా కడితేనే స్కూలువాళ్లు తగ్గిస్తారు, సగం కడితే సగం తగ్గించరు. రెండు బస్తాలకు మించి మాగబెట్టే వీలు ఈ ఏడు ఉండదు.

యార్డు గుమాస్తా:
అక్కా, మిర్చికి కిలోకి 80 మిగులుతుందన్నది నమ్మకండి. 2023లో మంచి రకాలు క్వింటా 20 వేలు దాటాయి. 2025 ఫిబ్రవరికి ధర ఎంత పడిపోయిందంటే కేంద్రం జోక్యం చేసుకుని రైతుకి ఆసరాగా క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. మార్చిలో కొన్నవాళ్లే ఎప్పుడూ గెలుస్తారనేం లేదు. 80 బదులు 40 వేసుకోండి. అప్పుడూ మిర్చి, చింతపండు కలిపి నూటికి 22 పడుతుంది, ఫీజు కంటే ఎక్కువే.

మే వరకు ఆగొద్దు. ఎండలకి మిర్చి యార్డుకి సెలవులిస్తారు, ఆ తర్వాత ఎక్కువగా కోల్డ్ స్టోరేజీ సరుకే.

బ్రాడీపేట కోడలు:
అందరికీ థాంక్స్. మా ఆయనకి చూపిస్తే "నేను చెప్పిందేగా" అన్నారు! "కాదండీ, మీరు మిర్చి కూడా వద్దన్నారు" అన్నాను. అత్తయ్యగారు రెండు బస్తాలకి దిగొచ్చారు, వాటి డబ్బు ఆవిడ పింఛనులోంచే ఇస్తానన్నారు. తమ్ముడూ, మిర్చి ఏ రకం తీసుకోమంటావు?

యార్డు గుమాస్తా:
తేజ ఒక్కటే ఆడిస్తే బాబు ముద్ద నోట్లో పెట్టలేడు. 334 రకం ఎక్కువ, ఘాటుకి కొంచెం తేజ. తాలు (రంగు పోయిన) కాయలు కలవకుండా చూసుకోండి. తొడిమ తీసిన కాయ రేటు కూడా అడగండి. తొడిమతో కొంటే ఆ బరువుకీ డబ్బు కడుతున్నట్టే.