2020 ఎఫ్-150 ఎక్స్‌ఎల్‌టీ ఇచ్చేసి 2017 ప్లాటినం తీసుకోవచ్చా?

ఫ్రిస్కో_ట్రక్కు

ఇప్పుడున్న బండి ఫోర్డ్ పికప్ ట్రక్కు, 2020 ఎఫ్-150 ఎక్స్‌ఎల్‌టీ సూపర్‌క్రూ. 2.7 ఈకోబూస్ట్ (టర్బో ఇంజిన్), టూ వీల్ డ్రైవ్, 62,000 మైళ్ళు. గుడ్డ సీట్లు. ఇంజిన్ గురించి ఫిర్యాదేమీ లేదు. ఇక్కడొక డీలర్ దగ్గర 2017 ప్లాటినం ఉంది: 3.5 ఈకోబూస్ట్, ఫోర్ వీల్ డ్రైవ్, 88,000 మైళ్ళు, పనోరమిక్ రూఫ్, చల్లగాలి వచ్చే లెదర్ సీట్లు, కరెంటుతో దిగే ఫుట్‌బోర్డులు. ధర 28,500 డాలర్లు. నా బండికి 25,000 ఇస్తానంటున్నాడు, అంటే పైన 3,500 వేసుకోవాలి. నా బండి మీద ఇంకా 11,000 లోన్ ఉంది.

వాడకం: రోజూ ఆఫీసుకి రానుపోను 40 మైళ్ళు. ఇప్పుడు లాగేది చిన్న పడవ, ట్రైలర్‌తో కలిపి 3,800 పౌండ్లు. వచ్చే ఏడాది 6,500 పౌండ్ల క్యాంపర్ (లోపల పడుకునే వీలున్న ట్రైలర్) కొనాలని ఉంది. టెక్సస్ ఎండలో ఆ సీట్లు చూస్తే మనసు ఆగట్లేదు, ఇంట్లో కూడా అదే మాట. మూడేళ్ళు పాతది, 26,000 మైళ్ళు ఎక్కువ తిరిగింది. తెలిసినవాళ్ళు చెప్పండి.

బోల్టు_నట్టు

ముందు ఒక పని చెయ్యండి. రెండు బండ్లకీ డ్రైవర్ తలుపు తీస్తే పిల్లర్ మీద పసుపు గీతతో టైర్ల స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద రాసి ఉంటుంది. రెండు అంకెలూ ఇక్కడ పెట్టండి. బ్రోషర్‌లో అంకె వద్దు. ట్రిమ్ (ఎక్స్‌ఎల్‌టీ, ప్లాటినం లాంటి హంగుల స్థాయి) పెరిగే కొద్దీ రూఫ్ గ్లాసు, సీటు మోటార్లు, ఫోర్ వీల్ డ్రైవ్ సామాను, పెద్ద చక్రాలు, వీటన్నిటి బరువూ పేలోడ్ (బండి మొయ్యగల బరువు) లోంచే పోతుంది. ప్లాటినం కొన్నాక క్యాంపర్ తగిలించినప్పుడు బయటపడే సంగతి ఇదే.

అలాగే మీ ఎక్స్‌ఎల్‌టీ విండో స్టిక్కర్‌లో టోయింగ్ (ట్రైలర్ లాగే) ప్యాకేజీ 53ఏనా, 53బీనా చూడండి. 53బీ అంటే హిచ్ (ట్రైలర్ తగిలించే అమరిక) మాత్రమే, 5,000 పౌండ్ల వరకే. అది అయితే 6,500 క్యాంపర్‌కి ఈ బండి పనికిరాదు, చర్చ అక్కడితో సరి. ఆక్సిల్ కోడ్ (వెనక ఇరుసు గేర్ నిష్పత్తి చెప్పేది) తలుపు దగ్గరున్న తెల్ల లేబుల్ మీద ఉంటుంది: 19 అంటే 3.55, ఎల్9 అంటే 3.55 లాకింగ్, 27 అంటే 3.31.

ఫ్రిస్కో_ట్రక్కు

చూశాను. నా ఎక్స్‌ఎల్‌టీ 1,742 పౌండ్లు. ప్లాటినం 1,386. నాది 53ఏ, ఆక్సిల్ 19.

బోల్టు_నట్టు

ఇప్పుడు లెక్క వేద్దాం. క్యాంపర్ బరువంటే ఖాళీ బరువు కాదు, దాని ప్లేటు మీదున్న గరిష్ఠ బరువు తీసుకోవాలి. 6,500లో 13 శాతం హిచ్ మీద పడుతుందనుకుంటే 845. మీరు నలుగురూ కలిసి 560. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (బరువుని ముందు చక్రాలకీ పంచే హిచ్) సుమారు 90. వెనక బెడ్‌లో ఐస్‌బాక్సు, కుర్చీలు వగైరా 100. మొత్తం 1,595. ప్లాటినంకి 209 పౌండ్లు ఎక్కువైంది. మీ ఎక్స్‌ఎల్‌టీకి ఇంకా 147 మిగిలింది. 3.5కి బలం ఎక్కువ, నిజమే, టార్క్ 470, మీ 2.7ది 400. కానీ ఇక్కడ ముందు అడ్డొచ్చేది ఇంజిన్ కాదు, వెనక స్ప్రింగులూ ఆక్సిలూ టైర్లూ.

వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ లేకుండా ఆ రిసీవర్ (బండి వెనక హిచ్ దూర్చే గొట్టం) మీద 500 పౌండ్ల కంటే బరువు పెట్టకూడదు. అది రిసీవర్ మీదే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు.

టర్బో_మావయ్య

పేలోడ్ సంగతి తేలింది కాబట్టి 3.5 సంగతి చెప్తాను. 2017 నుంచి 2020 దాకా వచ్చిన 3.5 ఈకోబూస్ట్‌లో కామ్ ఫేజర్లు (వాల్వుల టైమింగ్ మార్చే భాగాలు) అందరికీ తెలిసిన రోగం. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేస్తే ఇంజిన్ ముందు వైపు రెండు మూడు సెకన్లు డీజిల్ బండిలా టకటకమని మోగుతుంది. ఫేజర్ లోపలి లాకింగ్ పిన్ సరిగా పట్టకపోవడం, ఆయిల్ ప్రెషర్ వచ్చే దాకా ఫేజర్ అటూ ఇటూ కొట్టుకోవడం. నాలుగు ఫేజర్లు. మార్చాలంటే ముందు కవర్ ఊడదీయాలి. అంత దూరం వెళ్ళాక చైన్లు, గైడ్లు, టెన్షనర్లు కూడా మార్చేస్తారు, మార్చాలి కూడా. బిల్లు మూడు వేల డాలర్లకి తక్కువ కాదు, డీలర్ దగ్గరైతే ఐదు దాకా పోతుంది.

అందుకని బండి చూడటానికి వెళ్ళే ముందు రోజే డీలర్‌కి చెప్పండి, నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే తిరిగి వచ్చేసి ఇంకో రోజు వెళ్ళండి. బానెట్ తెరిచి, ఫోన్ రికార్డింగ్ పెట్టి, ఇంకొకరి చేత స్టార్ట్ చేయించండి. ఫేజర్లు మార్చేశాం అని చెప్తే బిల్లు అడగండి. కొన్నిటికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మాత్రమే చేసి పంపారు, అది శబ్దాన్ని తగ్గిస్తుంది, అరిగిన పార్టుని బాగు చెయ్యదు.

గేర్‌బాక్సు రెండు బండ్లలోనూ అదే 10 గేర్లది. సీడీఎఫ్ డ్రమ్ అనే భాగంలో బుషింగ్ జరిగితే 3, 4, 5 గేర్ల మధ్య గుద్దినట్టు మారుతుంది. 20 నిమిషాలు నడిపి వేడెక్కాక, యాక్సిలరేటర్ మీద తేలిగ్గా కాలు పెట్టి 25 నుంచి 45 మైళ్ళ వేగంలో చూడండి. తర్వాత బ్రేక్ తక్కువ వేస్తూ ఆగే దాకా పోనివ్వండి, ఆగేముందు కుదుపు వస్తే అనుమానించాలి. మీ బండికీ ఇదే పరీక్ష చేసుకోండి, పాతదానికి మాత్రమే రోగాలుంటాయనుకోకండి.

ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు హబ్బులు (ముందు చక్రాలని ఇరుసుకి కలిపే భాగాలు) వాక్యూమ్‌తో విడిపోతాయి. ఎక్కడైనా గొట్టం లీకైతే సగం పట్టి సగం వదిలి, టూ వీల్‌లో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ముందు చక్రం దగ్గర గరగరమంటుంది. అప్పుడే నాలుగు చక్రాల హై మోడ్‌లోకి మార్చండి. శబ్దం ఆగిపోతే తప్పు అక్కడే. గొట్టమో చెక్ వాల్వో అయితే చౌక, హబ్బే అరిగితే కాదు.

2016 నుంచి 2018 దాకా 3.5 బండ్లకి బ్రేక్ మాస్టర్ సిలిండర్ రీకాల్ కూడా ఉంది. విన్ నంబరు (బండి గుర్తింపు నంబరు) కొట్టి చూస్తే చేయించారో లేదో తెలుస్తుంది.

పాతబండి_పంతులు

పైవాళ్ళు చెప్పనిది రూఫ్. పనోరమిక్ రూఫ్ పట్టాలు విరగడం, డ్రెయిన్ గొట్టాలు మూసుకుపోవడం మామూలే. మూడు నాలుగు సార్లు పూర్తిగా తెరిచి మూయండి. ముందు పిల్లర్ల పైన, సన్‌వైజర్ల వెనక హెడ్‌లైనర్ (లోపలి కప్పు గుడ్డ) మీద మరకలున్నాయేమో టార్చి వేసి చూడండి. వెనక సీటు కింద కార్పెట్ తడి, వెనక గ్లాసు పైనున్న మూడో బ్రేక్ లైటు చుట్టూ తేమ కూడా. సీటు ఫ్యాన్లు రెండు సీట్లకీ, వీపు దగ్గరా కిందా పని చెయ్యాలి. ఫుట్‌బోర్డులు రెండు వైపులా దిగాలి. ప్లాటినంలో మీరు డబ్బిచ్చి కొంటున్నది ఇవే కదా.

బాడీ అల్యూమినియం, తుప్పు కనిపించదు. ఫ్రేమ్ మాత్రం ఉక్కే. ఉత్తరాది రాష్ట్రాల్లో మంచు ఉప్పు మీద తిరిగిన బండి పైకి కొత్తదానిలా మెరుస్తుంది, కిందికి వంగి చూస్తే అసలు రంగు తెలుస్తుంది. డాలస్‌లో వడగళ్ళ సొట్టలు కూడా చూసుకోవాలి, అల్యూమినియం మీద వాటిని తీయడం ఖరీదెక్కువ. ఇంకోటి, 2025 జనవరి నుంచి టెక్సస్‌లో సొంత బండ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. మీ వైపు కౌంటీల్లో ఎమిషన్స్ పరీక్ష ఒక్కటే మిగిలింది. పాసైంది అన్నంత మాత్రాన బ్రేకులు, టైర్లు బాగున్నాయని కాదు.

క్రెడిట్_యూనియన్_కోడలు

డబ్బు సంగతి. టెక్సస్‌లో ట్రేడ్ ఇన్ చేస్తే (పాత బండి డీలర్‌కే ఇచ్చేస్తే) 6.25 శాతం ట్యాక్సు తేడా మీదే. 3,500కి 218.75 డాలర్లు. మీ బండి బయట అమ్మి ఇది కొంటే పూర్తి 28,500 మీద 1,781.25 కట్టాలి. కాబట్టి బయట 26,562 కంటే ఎక్కువ పలికితేనే బయట అమ్మడం దండగ కాదు. 11,000 లోన్ తీరాక మీ వాటా 14,000, కొత్త లోన్ సుమారు 14,700 ప్లస్ రిజిస్ట్రేషన్, డాక్యుమెంట్ ఫీజు. పాత మోడలు, ఎక్కువ మైళ్ళు అంటే వడ్డీ కూడా ఎక్కువే వేస్తారు, ముందే అడిగి రాయించుకోండి. వారంటీ పోతుందన్న బెంగ మాత్రం అక్కర్లేదన్నా. పవర్‌ట్రెయిన్‌కి (ఇంజిన్, గేర్‌బాక్సు వగైరా) ఐదేళ్ళు లేక 60,000 మైళ్ళు, మీదీ ఎప్పుడో దాటింది.

సీట్ల కోసమే అయితే ఎక్స్‌ఎల్‌టీకి బయట లెదర్ కవర్లూ లోపల ఫ్యాన్లూ వేయించుకోవచ్చు, సుమారు మూడు వేలు. కవర్ పక్కన ఎయిర్‌బ్యాగ్ దగ్గర విడిపోయే కుట్టు ఉండేదే తీసుకోండి. సీటు ఊడదీసే ముందు బ్యాటరీ తీగ తీసి కాసేపు ఆగమనండి.

టర్బో_మావయ్య

అమ్మాయి చెప్పింది బాగుంది. అయినా మనసు ఆగకపోతే 2017లోనే 5.0 వీ8 లేరియట్ (ప్లాటినం కింది ట్రిమ్) వెతకండి. పాత 6 గేర్ల బాక్సు, ఈ ఫేజర్ గోల లేదు, చల్లని సీట్లు లేరియట్‌లో కూడా వస్తాయి. 2018 తర్వాత 5.0కి వెళ్ళకండి, ఆయిల్ తాగేవి ఉన్నాయి. ఏది చూసినా పసుపు స్టిక్కర్ 1,650కి తగ్గితే క్యాంపర్ మాట మర్చిపోండి.

ఫ్రిస్కో_ట్రక్కు

శనివారం పొద్దున చల్లటి ఇంజిన్ మీద స్టార్ట్ చేయిస్తానన్నాడు, సరే చూస్తాను కానీ 209 పౌండ్లు చూశాక ఉత్సాహం సగం పోయింది. బోల్టు_నట్టు గారూ, 53ఏ ఉన్న నా బండిలో ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకులు పని చేయించే పరికరం) లేదు. తర్వాత పెట్టించుకోవచ్చా?

బోల్టు_నట్టు

పెట్టించుకోవచ్చు. ఈ మోడళ్ళకి ఫోర్డ్ కంట్రోలర్ మాడ్యూలే దొరుకుతుంది, డాష్‌లో దాని చోట తగిలించి ఫోర్‌స్కాన్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆన్ చెయ్యాలి. మార్చే ముందు మాడ్యూళ్ళ పాత సెట్టింగులన్నీ ఫైలుగా దాచుకోండి, ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉంచండి, బండి బ్యాటరీకి ఛార్జర్ తగిలించండి. మధ్యలో కరెంటు పోతే మాడ్యూల్ పాడైపోతుంది.