అప్‌డేట్: ఇరుక్కుపోయిన ఆ సుడోకు మొత్తానికి తెగింది

కష్టం లెవెల్ సుడోకు సగం నిండాక ఎటూ కదలడం లేదు, ఊహించి ఏదో ఒక అంకె వేసేయడం తప్ప దారి లేదా అని అడిగాను కదా. ఉంది. ప్రతి ఖాళీ గడిలో పట్టే అంకెలన్నీ పెన్సిల్‌తో రాసుకోమన్నవాళ్లకు థాంక్స్. రాయడం మహా విసుగు, కానీ రాశాకే అసలు సంగతి కనబడింది.

రెండో అడ్డవరసలో 4 పట్టే గళ్లు రెండే: ఒకటి మూడో నిలువు వరసలో, ఇంకొకటి ఎనిమిదో దాంట్లో. ఏడో అడ్డవరసలోనూ సరిగ్గా ఆ రెండే. ఏ వరసలోనూ ఒకే అంకె రెండుసార్లు రాకూడదు కాబట్టి, ఆ రెండు 4లూ ఎలా పడినా ఐమూలగానే పడాలి. ఆ రెండు నిలువు వరసల్లో 4 కోటా అయిపోయినట్టే కాబట్టి, మిగతా గళ్లలో 4 కొట్టేయొచ్చు. దీన్ని ఎక్స్-వింగ్ అంటారట. కొట్టేయగానే ఒక గడిలో 9 ఒక్కటే మిగిలింది, అక్కణ్నుంచి చకచకా నిండిపోయింది.

ఇచ్చిన అంకెలు తక్కువుంటే కష్టమనే మాట మాత్రం నేను ఒప్పుకోను. ఒకే జవాబు రావాలంటే కనీసం 17 అంకెలు ఇవ్వాలని 2012లో కంప్యూటర్‌తో తేల్చారు. అలాంటి 17 అంకెలవే కొన్ని దీనికంటే తేలిగ్గా అయిపోయాయి.

స్వోర్డ్‌ఫిష్ అంటే ఇదే పద్ధతి మూడు వరసలకు అని అర్థమైంది కానీ, కంటికి ఆనడం లేదు. కాగితం మీద దాన్ని పట్టే కిటుకు ఉంటే చెప్పండి.