చెల్లి రిసెప్షన్ క్రిస్మస్ థీమ్‌లో చేయాలి, ఒంగోల్లో ఎట్టా ప్లాన్ చేసుకోవాలో చెప్పండి

ఒంగోలు అన్నయ్య:
అందరికీ నమస్తే. మా చెల్లి పెళ్లి డిసెంబర్ 29న, పొద్దున చర్చిలో, సాయంత్రం ఫంక్షన్ హాల్లో రిసెప్షన్. చెల్లికి చిన్నప్పట్నుంచీ క్రిస్మస్ అంటే ప్రాణం, ఇంటింటికీ తిరిగి పాటలు పాడే క్యారల్ రౌండ్స్‌కి ఒక్క ఏడాది కూడా మానలేదు, అందుకని రిసెప్షన్ మొత్తం క్రిస్మస్ లాగే ఉండాలని దాని కోరిక. డెకరేషన్ వాళ్లని అడిగితే ఫోన్లో ఫోటోలు చూపిస్తున్నారు, అన్నీ థర్మోకోల్ మంచు, స్నోమ్యాన్, నీలం లైట్లు, పొగ మిషన్. అందులో మా ఇంటి క్రిస్మస్ యాడా కనపడట్లా. అబ్బాయి వాళ్లది కావలి, వాళ్ల వైపు హిందూ బంధువులు, స్నేహితులు చాలామందే ఉన్నారు, వాళ్లకి ఇబ్బంది లేకుండా ఉండాల. 500 మంది దాకా వస్తారు, బడ్జెట్ మరీ ఎక్కువ లేదు. స్టేజీ, భోజనాలు, పాటలు ఏది తెలిస్తే అది చెప్పండి. వాన భయం కూడా ఉంది.

నెల్లూరు అక్క:
తమ్ముడూ, ముందు ఆ మంచు తీసేయించు. మన క్రిస్మస్ అంటే ఇంటిముందు కర్రకి కట్టిన స్టారు, గడ్డితో వేసిన పశువుల పాక, సరుగుడు కొమ్మకి చుట్టిన సీరియల్ లైట్లు. ఇవే పెద్దగా చేస్తే చాలు, హాల్లోకి రాంగానే అందరికీ తెలిసిపోద్ది.

చెట్టు కోసం ప్లాస్టిక్‌ది అద్దెకి తేవద్దు. కొత్తపట్నం వైపు తోటల్లో అడిగితే సరుగుడు చెట్టు మంచి గుబురుగా ఉన్నది కొట్టి ఇస్తారు. 28 సాయంత్రం కొట్టించండి, ముందే కొట్టిస్తే ఆకు రాలిపోద్ది. పెయింట్ బకెట్లో తడి ఇసుక గట్టిగా కూరి అందులో నిలబెట్టి, బకెట్ చుట్టూ ఎర్ర గుడ్డ చుట్టేయండి. ఆ పచ్చి వాసన ప్లాస్టిక్ చెట్టుకి ఎన్ని వేలు పెట్టినా రాదు. స్టేజీకి రెండు పక్కలా రెండు చెట్లు, నడిమధ్య పైన ఒకే ఒక్క పెద్ద స్టారు, వెనక తెల్ల గుడ్డ, తెల్ల చామంతి, ఎర్ర గులాబీ, అంతకుమించి ఏమీ వద్దు. గేటు దగ్గరనుంచి హాలు దాకా చిన్న స్టార్లు వరసగా కట్టించండి, బయట కట్టేవి మటుకు పేపర్‌వి వద్దు, రాత్రి మంచుకే మెత్తబడిపోతాయి.

పాక వేస్తే దాని దగ్గర నిజం కొవ్వొత్తులు పెట్టనీయద్దు. వరిగడ్డి, కొవ్వొత్తి, పిల్లలు ఒకచోట ఉంటే ఎవరో ఒకరు కాపలా ఉండాల్సిందే. బ్యాటరీ కొవ్వొత్తులు దొరుకుతున్నాయిగా, అవి పెట్టండి. చెల్లికి రిసెప్షన్‌కి ఎర్రంచు తెల్ల వెంకటగిరి చీర చూడండి, జరీ మీద ఆ లైట్లు పడితే ఎంత బాగుంటదో.

కందుకూరు బ్రదర్:
మంచి డేట్ పెట్టుకున్నారన్నా. 25 దాకా పాస్టర్ గారికీ, క్వయర్ వాళ్లకీ ఊపిరాడదు, మళ్లీ 31 రాత్రి ఆరాధన, మధ్యలో 29 అంటే వాళ్లు కాస్త ఖాళీ. చర్చిలో కట్టిన స్టార్లు, పాక అప్పటికి తీయరు కాబట్టి అక్కడ డెకరేషన్ ఖర్చు సగం మిగిలినట్టే. పెళ్లి ప్రకటన ఆదివారాల్లో చదవాలి కాబట్టి నవంబర్లోనే పాస్టర్ గారిని కలవండి, అబ్బాయి వాళ్ల చర్చిలో కూడా చదివించాలేమో అడగండి.

ఇంకోటి, డిసెంబర్ మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం, హిందువుల పెళ్లిళ్లకి ముహూర్తాలు ఉండవు. హాలు, వంటవాళ్లు, సప్లయర్స్ అందరి దగ్గరా గట్టిగా బేరమాడొచ్చు, అడగకుండా అడ్వాన్స్ ఇవ్వద్దు.

వాన సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 2023లో మిచాంగ్ తుపాను డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, నెల్లూరు నుంచి బాపట్ల దాకా మొత్తం తడిసి ముద్దయింది. నెలాఖరుకి అంత భయం ఉండదు గానీ భోజనాలు ఓపెన్‌లో పెట్టద్దు, మామూలు షామియానా వాన ఆపదు. రేకుల షెడ్డు ఉన్న హాలు చూడండి, బయట సీరియల్ సెట్ల జాయింట్లన్నీ టేపు వేయించండి, జనరేటర్ మాట్లాడేటప్పుడు డీజిల్ ఎవరిదో ముందే తేల్చుకోండి.

కావలి వదిన:
భోజనాల గురించి నేను చెప్తా. ధనుర్మాసంలో నీచు ముట్టని వాళ్లు మగపెళ్లి వాళ్లలో తప్పకుండా ఉంటారు, వెజ్ వంట, వడ్డన రెండూ పూర్తిగా వేరేగా పెట్టండి, గరిటెలతో సహా. మటన్ బిర్యానీతోపాటు చేపల పులుసు పెట్టాలనుకుంటే ఆ నెల్లో పచ్చి మామిడికాయ దొరకడం కష్టం, చింతపండుతోనే చేయించండి, పొద్దునే వండిస్తే సాయంత్రానికి ముక్కకి పులుసు పడతది.

ప్లమ్ కేకు 25 దాటాక ఆర్డర్ ఇద్దాంలే అనుకోవద్దు, బేకరీ వాళ్లతో నవంబర్లోనే మాట్లాడి పెట్టుకోండి, కొన్ని గుడ్డు లేనివి కూడా చెప్పండి. వెళ్లేటప్పుడు చేతికి ఇచ్చే ప్యాకెట్లో చిన్న కేకు ముక్క, అచ్చుతో వేసే గులాబీ పువ్వులు రెండు, ఒక కజ్జికాయ పెడితే చాలు. మా వాళ్లు ఇంటికి తీసుకెళ్లి మరీ చెప్పుకుంటారు, హిందువులైనా క్రిస్మస్‌కి పక్కింటి నుంచి వచ్చే పిండివంటలు తిని పెరిగిన వాళ్లే కదా అందరం.

రిటైర్డ్ మాస్టారు:
నాయనా, ఎంట్రీకి డీజే వద్దు. రౌండ్స్‌కి పోయినట్టే ఒకరు స్టారు పట్టుకుని ముందు నడవాల, వెనక చర్చి పిల్లలు డోలక్, తాళాలతో పాడాల, ఆ వెనక పెళ్లికూతురు, పెళ్లికొడుకు. మీ చెల్లి ఏ గుంపుతో తిరిగిందో వాళ్లనే పిలవండి, అంతకంటే సొంతం ఏముంది. క్రిస్మస్ తాత ఉండొచ్చు, గుమ్మంలో పిల్లలకి చాక్లెట్లు పంచమనండి, ప్రార్థన జరిగేటప్పుడు స్టేజీ మీదకి మాత్రం రానీయద్దు.

ఇంకొక మాట. 1878లో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, అప్పట్లో వచ్చిన పెద్ద కరువు, ధాత కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వే పనికి వచ్చిన వాళ్లు కూడా అప్పుడు సంఘంలో చేరారు. మీ ముత్తాతల వాళ్లు ఆ కాలం నుంచీ ఉన్నారేమో పెద్దలని అడగండి. ఇంట్లో ఉన్న పాత పెళ్లి ఫోటోలు, క్రిస్మస్ ఫోటోలు పెద్దవి చేయించి ఆ సరుగుడు చెట్టు పక్కన బోర్డు మీద పెట్టండి. కావలి వాళ్లవీ తెప్పించండి, రెండు వైపులవీ ఉండాల.

ఒంగోలు అన్నయ్య:
మాస్టారూ, స్టారుతో నడవడం అనంగానే చెల్లి ఏడ్చేసింది, అది ఖాయం. మంచు, పొగ క్యాన్సిల్ చేశా. స్టేజీ మీద పెద్ద స్టారు మాత్రం డెకరేషన్ వాళ్ల దగ్గర లేదంట, యాడ చేయించాల?

నెల్లూరు అక్క:
వెల్డింగ్ షాపులో సన్న ఇనప చువ్వతో ఆరడుగుల ఫ్రేమ్ చేయించు తమ్ముడూ, దానికి తెల్ల గుడ్డ బిగించి లోపల ఎల్‌ఈడీ స్ట్రిప్ తిప్పితే సరిపోద్ది. మామూలు బల్బులు పెట్టద్దు, గుడ్డ వేడెక్కుద్ది. కొక్కేలు రెండు వేయించడం మర్చిపోకు, ఒక్క కొక్కేనికి వేలాడదీస్తే ఫ్యాన్ గాలికి తిరుగుతానే ఉంటది.