అప్‌డేట్: బాత్రూమ్ గోడ మీది తేలు ఏదో తేలింది

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో మా అద్దె ఇంటి బాత్రూమ్ గోడ ఎక్కుతున్న తేలు ఫోటో పెట్టి, ప్రమాదమా అని అడిగాను కదండీ. పెస్ట్ కంట్రోల్ ఆయన వచ్చి చూశారు. అది అరిజోనా బార్క్ తేలు అనే విషం ఎక్కువున్న రకమే. లేత గడ్డి రంగు, ముందున్న పట్టకారు చేతులు సన్నగా ఉంటాయి, ఊరికే ఉన్నప్పుడు తోక పక్కకి చుట్టుకుని ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద గుర్తు, నిలువు గోడలు ఎక్కడం. ఎడారిలో కనిపించే లావుపాటి హెయిరీ తేలు చూడటానికే భయంకరం, విషం మాత్రం దీనికన్నా తక్కువట!

రాత్రి యూవీ టార్చ్ (అతినీలలోహిత కాంతిది, ఆ వెలుగులో తేళ్లు మెరుస్తాయి) వేసుకుని పెరట్లోకి వెళ్లాం. ఇటుకల ప్రహరీ సందుల్లో ఆకుపచ్చగా మెరుస్తూ ఇంకొన్ని కనిపించాయి. మా ఆవిడ మళ్లీ పెరటి వైపు రానంది.

ఒక్క స్ప్రేతో ఇవి పోవట. వాటి తిండి కీచురాళ్లు, బొద్దింకలు. ముందు వాటిని తగ్గించాలి. తలుపు కింద రబ్బరు పట్టీ వేయించాం, పైపుల చుట్టూ సందులు మూయించాం. పాప మంచం గోడకి దూరంగా జరిపాం. పాయిజన్ హెల్ప్‌లైన్ 1-800-222-1222 ఫ్రిజ్ మీద అంటించాం. చిన్నపిల్లల్ని కుడితే ఆగకుండా ఫోన్ చేయాలి. బూట్లు దులపకుండా మాత్రం ఎవరూ వేసుకోకండి.