మోకాలిలో కాల్షియం క్రిస్టల్స్: ఎక్స్‌రే చాలదా, నీరు తీయాల్సిందేనా?

పరకాల మనవడు:
మా అమ్మమ్మకు 74 ఏళ్లు. రాత్రికి రాత్రే కుడి మోకాలు వాచింది, ముట్టుకుంటే కాలిపోతోంది, ఒళ్లు కూడా కొంచెం వెచ్చగా ఉంది. ఊళ్లో ఆర్ఎంపీ గౌట్ (యూరిక్ యాసిడ్ క్రిస్టల్స్‌తో కీళ్లు వాచే జబ్బు) అన్నాడు. రక్తంలో యూరిక్ యాసిడ్ చూస్తే మామూలుగానే ఉంది. హన్మకొండలో ఎముకల డాక్టర్ ఎక్స్‌రే తీయించి, రెండు ఎముకల మధ్య సన్నని తెల్ల గీత చూపించి, గుజ్జులో కాల్షియం క్రిస్టల్స్ పేరుకున్నాయన్నారు. మోకాలి నీరు తీసి పరీక్ష చేస్తేనే ఖాయంగా చెప్పగలమంటున్నారు. మా పెద్దమామయ్య ససేమిరా అంటున్నాడు. ఫొటోలో కనబడ్డాక సూది ఎందుకు?

కాజీపేట జంక్షన్:
మామయ్య మాటే కరెక్టు తమ్ముడూ. ఆ వయసు మనిషిని ఎందుకు సతాయించడం? మా అత్తమ్మకు అల్ట్రాసౌండ్‌లోనే తేల్చేశారు. మాత్రలు వాడారు, వాపు తగ్గింది.

ల్యాబు మనిషి:
జంక్షన్ అన్నా, ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. మోకాలిలో క్రిస్టల్స్ ఉన్నాయా? ఇవాళ్టి వాపు వాటివల్లేనా? ఎక్స్‌రే మొదటిదానికే జవాబు చెబుతుంది. అరవై దాటాక ఆ గీత ఏ నొప్పీ లేనివాళ్లలోనూ కనబడుతుంది. క్రిస్టల్స్ ఉండి కూడా ఎక్స్‌రేలో ఏమీ కనబడని వాళ్లూ ఉంటారు. యూరిక్ యాసిడ్ సంగతి కూడా అంతే. గౌట్ నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లోనూ అది మామూలుగా రావచ్చు.

అసలు భయం చీముది. కీలులో ఇన్ఫెక్షన్ చేరినా ఇట్లాగే వాచి, ఎర్రబడి, జ్వరం వస్తుంది. రెండూ ఒకేసారి కూడా ఉండొచ్చు. ఇన్ఫెక్షన్ సంగతి తేలకుండా కీలులోకి స్టెరాయిడ్ సూది వేశారనుకోండి, లోపల చీము ఉంటే అది ముదిరి గుజ్జు కొద్ది రోజుల్లోనే పాడవుతుంది. తీసిన నీటిలో తెల్లకణాలు లెక్కపెడతాం, క్రిములు పెరుగుతాయేమోనని కల్చర్ పెడతాం, చివర్న క్రిస్టల్స్ మెరిసేలా చూపించే పోలరైజ్డ్ మైక్రోస్కోప్ కింద చూస్తాం. గౌట్‌వి సూదుల్లా సన్నగా, బాగా మెరుస్తూ కనబడతాయి. ఈ కాల్షియం క్రిస్టల్స్ పొట్టిగా, పలకల్లా, మసకగా ఉంటాయి. కాంపెన్సేటర్ (రంగు తేడా చూపే ఫిల్టర్) పెట్టి దాని అక్షానికి సమాంతరంగా ఉన్నవాటిని చూస్తే గౌట్‌వి పసుపు, ఇవి నీలం. 1962లో అమెరికాలో మెకార్టీ అనే డాక్టర్ బృందం గౌట్ లాగే కనబడిన రోగుల కీళ్ల నీటిలో ఈ వేరే క్రిస్టల్స్‌నే పట్టుకుంది. సూడోగౌట్ (అంటే నకిలీ గౌట్) అన్న పేరు అట్లా వచ్చింది.

కాజీపేట జంక్షన్:
బాగా చెప్పారు, కానీ ఆ మైక్రోస్కోప్ మన దగ్గర ఎన్ని ల్యాబుల్లో ఉంది? శాంపిల్ హైదరాబాద్ పోయి, రిపోర్ట్ వచ్చేసరికి వాపే తగ్గిపోతుంది. అవి అంత మసకగా ఉంటే అలవాటు లేని కన్ను ఎట్లాగూ పట్టుకోదు. పైగా 2023లో అమెరికా, యూరప్ కీళ్లవాత డాక్టర్ల సంఘాలు ఇచ్చిన ప్రమాణాల్లో ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్‌లకూ పాయింట్లు ఉన్నాయి. వాళ్లకు సరిపోయింది మనకు చాలదా?

ల్యాబు మనిషి:
అవి పరిశోధనల కోసం రోగులను ఒక కోవలో చేర్చడానికి పెట్టిన ప్రమాణాలు. మంచం పక్కన నిలబడి రోగనిర్ధారణ చేయడానికి కాదు. వాటిలో కూడా లక్షణాలున్న కీలు నీటిలో క్రిస్టల్స్ దొరికితే పాయింట్ల లెక్కే అక్కర్లేదు. లక్షణాలకు వేరే కారణం ఉంటే మాత్రం లెక్కలోకే తీసుకోరు. ఇక అలవాటు లేని కన్ను పట్టుకోదన్న మాట నిజం, అందులో వాదన లేదు. అందుకే క్రిస్టల్స్ దొరకలేదన్నంత మాత్రాన జబ్బు లేదని రాయకూడదు.

నర్సంపేట టీచరమ్మ:
మా వాడలో మోకాలు వాస్తే చాలు, చికున్‌గున్యా అంటారు! నాదో డౌట్. అమ్మమ్మ పాలు, కాల్షియం మాత్రలు మానేయాలా?

ల్యాబు మనిషి:
అవసరం లేదు మేడమ్. గుజ్జులో తయారయ్యే పైరోఫాస్ఫేట్ అనే రసాయనం కాల్షియంతో కలిసి పేరుకునేది ఇది. తాగిన పాలు పోయి మోకాలిలో గడ్డకట్టవు. అరవై లోపు వాళ్లకు వస్తే మాత్రం మెగ్నీషియం, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్, ఐరన్ రక్తపరీక్షలో చూడాలి.

పరకాల మనవడు:
మామయ్య ఒప్పుకున్నాడు, నీరు తీశారు. పసుపుగా, మబ్బు మబ్బుగా వచ్చింది. ఒత్తిడి తగ్గేసరికి నొప్పి అక్కడికక్కడే సగం తగ్గిందంటోంది అమ్మమ్మ. కల్చర్ రిపోర్ట్ వచ్చేదాకా స్టెరాయిడ్ వేయనన్నారు.

కాజీపేట జంక్షన్:
కల్చర్ కోసమైతే సరే. అమ్మమ్మకు జ్వరం ఉంది కాబట్టి. చల్లగా ఉన్న మోకాలిలో కేవలం క్రిస్టల్స్ వెతకడానికి సూది గుచ్చుతామంటే మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను.