"రక్షకుడునైన" - ఆ "ను" ఉందా, లేదా?

కొత్తపేట, గుంటూరు నుంచి:
మా అమ్మమ్మ సాయంత్రం ప్రార్థన ముగించే ముందు బైబిల్లో పౌలు తీతుకు రాసిన ఉత్తరం, అదే తీతు పత్రికలోని ఒక మాట చెప్పేది. "మహా దేవుడును మన రక్షకుడైన యేసుక్రీస్తు" అని నా చెవిలో ఉండిపోయింది. ఆమె పోయి మూడేళ్లయింది. మొన్న ప్రార్థనలో నేను అలాగే అంటే చెల్లి ఆపేసింది. "రక్షకుడైన కాదన్నయ్యా, రక్షకుడునైన" అంది. రెండు రోజులుగా మనసులో అదే నలుగుతోంది. ఎవరిది సరి?

పటమట తెలుగు మాస్టారు:
అచ్చులో ఉన్నది "రక్షకుడునైన". తీతుకు 2:13. మీ చెల్లెలిదే సరి. ఒక్క అక్షరమే కదా అని వదిలేది కాదు. "వైద్యుడును మిత్రుడునైన రాముడు వచ్చెను" అంటే వచ్చింది ఒక్కడు. "వైద్యుడును, మిత్రుడైన రాముడును వచ్చిరి" అంటే ఇద్దరు. రెండో "ను" పోయిందంటే దేవుడు వేరు, రక్షకుడు వేరు అనే అర్థానికి దారి పడినట్టే. యేసే ఆ మహా దేవుడు అని ఈ వాక్యంలో చెబుతున్నది ఆ "ను", దాని పక్కన "ఐన".

బ్రాడీపేట నుంచి:
మాస్టారూ, మీ సూత్రానికి సాక్ష్యం పేతురు రెండో పత్రిక మొదటి వచనంలోనే ఉంది. "యేసుక్రీస్తు దాసుడును అపొస్తలుడునైన సీమోను పేతురు". దాసుడూ ఆయనే, అపొస్తలుడూ ఆయనే. ఇంతవరకు మీతోనే ఉన్నాను. కానీ అదే వచనంలో కాస్త ముందుకెళ్తే "మన దేవునియొక్కయు రక్షకుడైన యేసుక్రీస్తుయొక్కయు నీతినిబట్టి" అని ఉంది. ఇక్కడ ఇద్దరైపోయారు! మూల భాష గ్రీకులో తీతులోనూ ఇక్కడా కట్టుబడి ఒకటే. "థియూ కై సోటేరోస్" (దేవుని, రక్షకుని; "కై" అంటే "మరియు") అని రెండు నామాలు, ముందు ఒక్కటే ఆర్టికల్, ఇంగ్లిష్ "the" లాంటిది. 1798లో గ్రాన్‌విల్ షార్ప్ అనే ఇంగ్లిష్ పండితుడు చెప్పిన నియమం దీని గురించే. ఏకవచనంలో, వ్యక్తిని చెప్పే రెండు నామాలను "కై" కలిపి, ఆర్టికల్ మొదటిదానికే ఉంటే ఇద్దరూ ఒకరే. సొంత పేర్లకు వర్తించదు. మరి మన అనువాదంలో తీతులో కలిపి, పేతురులో ఎందుకు విడదీశారు? నాకు ఎప్పటినుంచో ఉన్న బాధ ఇది. నా అనుమానం, మీ అమ్మమ్మగారి నోట ఈ రెండు వచనాలూ కలిసిపోయాయి.

అరండల్‌పేట అక్క:
తమ్ముడూ, "థియోస్" (దేవుడు) అనే మాటను దాదాపు సొంత పేరులా వాడతారు కాబట్టి షార్ప్ నియమం ఇక్కడ నిలవదనే వాళ్లూ ఉన్నారు. అందుకే నేను వ్యాకరణం ఒక్కదాని మీదే బరువంతా పెట్టను. తీతు మొదటి అధ్యాయం చూడు. 3వ వచనంలో "మన రక్షకుడైన దేవుడు", 4లో "మన రక్షకుడైన క్రీస్తు యేసు". ఊపిరి తిప్పుకునేలోపు ఒకే బిరుదు ఇద్దరికీ ఇచ్చాడు పౌలు. యెషయా 43:11లో యెహోవా "నేను తప్ప వేరొక రక్షకుడు లేడు" అన్న మాట పౌలుకు కంఠస్థమే కదా. తెలిసీ ఆ బిరుదు క్రీస్తుకు ఇచ్చాడంటే ఏమనుకోవాలి? శిష్యుడు తోమా యేసుతో "నా ప్రభువా, నా దేవా" అన్నప్పుడు మన తెలుగులో ఏ సముచ్చయమూ, అంటే కలిపే "ను" లాంటిదేదీ, లేదు. నా విశ్వాసానికి అది చాలు.

పటమట తెలుగు మాస్టారు:
చాలమ్మా, కాదనను. కానీ ఇది భాష గుంపు కాబట్టి "ను" దగ్గరికే వస్తాను. జాషువాగారిని తలుచుకోకుండా ఉండలేకపోతున్నాను. వినుకొండలో పుట్టినవాడు, "క్రీస్తు చరిత్ర"కు 1964లో సాహిత్య అకాడమీ అందుకున్నవాడు. అలాంటి చేతిలో పడితే ఈ "ను" జారేది కాదు. తేటగీతి పాదం (వరసగా ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు) మొదట పెట్టి చూడండి. రక్ష, కుడునైన: హగణం, సలం. సూర్యగణం, ఇంద్రగణం, సరిగ్గా కూర్చుంది. "ను" తీస్తే అక్కడ కూర్చోదు, మాట గణంతోపాటే ముగియాలంటే మూడో గణం దాకా జరగాలి: రక్షకు, డైన. పద్యంలో ఛందస్సు కాపలా ఉంటుంది. వచనానికి ఆ కాపలా లేదు, అందుకే నోట్లో అక్షరాలు అరిగిపోతాయి.

బ్రాడీపేట నుంచి:
గణాలు సరే మాస్టారూ, "మహా దేవుడు" మధ్య ఖాళీ సంగతేమిటి? ఆ ఖాళీ లేకపోతే తెలుగు చెవికి శివుడే వినిపిస్తాడు. రెండు పేర్లకు ఒక్కడే అంటే నాకైతే తిక్కన హరిహరనాథుడు గుర్తొస్తాడు. తిక్కన తాత మంత్రి భాస్కరుడు మన గుంటూరు విభుడే కదా.

అరండల్‌పేట అక్క:
పోలిక అందంగా ఉంది కానీ కుదరదు. అక్కడ ఒకే దేవుడికి రెండు రూపాలు. ఇక్కడ రూపం ఒక్కటే, పుట్టి పెరిగి సిలువ మీద చనిపోయిన మనిషి. ఆయన్ని దేవుడంటున్నాడు పౌలు.

కొత్తపేట, గుంటూరు నుంచి:
అందరికీ వందనాలు. అమ్మమ్మ ప్రార్థన రికార్డు ఒకటి పిన్ని ఫోన్‌లో దొరికింది. నలభై సెకన్లు. సరిగ్గా ఆ మాట దగ్గరే వంటింట్లో కుక్కర్ విజిల్. గబగబా అంటుంటే "డునై" కాస్తా "డ్నై" అయినట్టుంది. విచిత్రం ఏమిటంటే, ఇప్పుడు నాకు "ను" వినిపిస్తోంది, చెల్లికి వినిపించడం లేదు.

పటమట తెలుగు మాస్టారు:
ఆ క్లిప్ ఇక్కడ పెట్టండి బాబూ. రాత్రి ఇల్లు సద్దుమణిగాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటాను.